పురిటికి పుట్టింటికి రావద్దు

తొలి కాన్పుకి ఆడపిల్లని పుట్టింటికి తెచ్చుకోవడం మన ఆచారం. దీన్ని తక్షణం ఎత్తేయాలని కృష్ణా, గుంటూరు జిల్లాల పెద్దలకి సవినయంగా మనవి. అమెరికావాళ్లు 1990లో చేసుకున్న చట్టం మన పురిటి గదిలోకి వచ్చి కూర్చుంది మరి.

ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలూ ఆ లెక్కలోనే. ఏ ఒక్క దేశంవాళ్లకీ మామూలుగా 7 శాతం దాటనివ్వరు, మిగిలినవాళ్లంతా క్యూలో నిలబడాలి. ఐస్‌లాండ్‌కి ఎంత గిన్నో మనకీ అంతే గిన్నె. దేశమంటే పాస్‌పోర్టు దేశం కాదు, పుట్టిన దేశం. తెనాలిలో పుట్టినవాడు రేపు కెనడా పౌరుడైనా ఆ క్యూలో ఇండియావాడే.

ఏ తేదీకి ముందు క్యూలో చేరినవాళ్ల వంతు వచ్చిందో చెబుతూ అమెరికా నెలనెలా వేసే పట్టికే వీసా బులెటిన్. 2025 అక్టోబరుది చూడండి. ఈబీ-2లో, అంటే పై చదువుల ఉద్యోగుల వర్గంలో, ఇండియాకి తుది తేదీ 2013 ఏప్రిల్ 1. చైనా తప్ప మిగతా లోకమంతటికీ 2023 డిసెంబరు 1. తేడా పదేళ్ల ఎనిమిది నెలలు.

ఇప్పుడు కువైట్‌లో కాపురం ఉన్న ఒక గుంటూరు జంటని ఊహించుకోండి. ఆచారం ప్రకారం తొలి కాన్పు బ్రాడీపేటలో. రెండోసారి రాను పోను టికెట్లు దండగని కువైట్‌లోనే కానిచ్చారు. ఇద్దరూ ఆడపిల్లలే, ఇద్దరివీ ఇండియా పాస్‌పోర్టులే. కువైట్ రెండో పిల్లకి పౌరసత్వం ఇవ్వలేదు, ఇచ్చే ఉద్దేశమూ లేదు. అమెరికా మాత్రం ఆమెని కువైట్ లెక్కలో వేస్తుంది. ఆమెని చేసుకున్నవాడు కూడా భార్య పుట్టిన దేశం లెక్కలోకి మారొచ్చు. 2019లో పెర్మ్ (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే తొలి దరఖాస్తు) వేసి ఇండియా వరసలో గడ్డం నెరుస్తున్న పెళ్లికొడుకు, ఆమె హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద వెళ్లగానే, ఇద్దరి 485లూ (గ్రీన్‌కార్డు ఆఖరి దరఖాస్తులు) కలిపి వేసేయొచ్చు. అక్కని చేసుకుంటే మాత్రం ఇద్దరూ కలిసి బులెటిన్ చదువుకోవడమే.

అందుకే పటమట పేరయ్యలు గోత్రం తర్వాత అడగాల్సింది నక్షత్రం కాదు, "అమ్మాయి ఏ ఆసుపత్రిలో పుట్టిందండీ?" అని. కట్నం పట్టికలో కువైట్ జననానికి ఎన్ని ఎకరాలు తగ్గించాలో కులపెద్దలు కూర్చుని తేల్చుకోవచ్చు.

ముహూర్తం సంగతీ ఇంతే. అబ్బాయికి గ్రీన్‌కార్డు చేతికొచ్చాక దర్జాగా పెళ్లి చేద్దామనే మావయ్యలు పరమ అమాయకులు. 485 ఆమోదం కంటే ముందు మూడు ముళ్లు పడితే భార్య అతని వరసలోనే నడుస్తుంది. మర్నాడు పడితే ఆమెకి ఎఫ్2ఏ అనే, గ్రీన్‌కార్డువాళ్ల భార్యాపిల్లలు నిలబడే వేరే క్యూ. పెళ్లి ఆల్బం బరువు చూసి ఎవరూ నమ్మరు. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ కావాలి, అందులో ఇంటిపేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు కాలమ్ ఖాళీగా ఉంటే ఇప్పుడే మున్సిపాలిటీకి వెళ్లి ఎక్కించుకోండి. బారసాల చేశాం కదా అంటే అక్కడ చెల్లదు.

పంచాంగకర్తలకీ ఓ పని ఉంది. బులెటిన్ తేదీ ముందుకే నడుస్తుందనుకోకండి. శనిలాగా దానికీ వక్రగతి ఉంది. ఏటి కోటా సెప్టెంబరు 30తో ముగుస్తుంది కాబట్టి ఆగస్టు, సెప్టెంబరుల్లో వెనక్కి నడిచే ప్రమాదం ఎక్కువ. ఉగాది పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాల పక్కనే ఈబీ-2, దాని తర్వాతి వర్గం ఈబీ-3 ఫలాలు కూడా చదివితే జనం చివరిదాకా లేవరు.

ఇక ఆ గుంటూరు ఇంట్లో పెద్దమ్మాయి ఎంటెక్ గోల్డ్ మెడల్, సంగీతం వచ్చు. వచ్చిన సంబంధాలవాళ్లు కాఫీ తాగి, పద్ధతిగా మాట్లాడి, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అడుగుతున్నారు: "చిన్నమ్మాయి చదువు ఎప్పటికి అవుతుందండీ?"