కీటో మాట చెప్పేముందు మందుల చీటీ చూడండి

మొన్న డిసెంబర్‌లో అమెరికాలోని మన తెలుగు సంఘం గుంటూరులో చేసిన సేవా కార్యక్రమం ఫొటోలు అన్ని వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగాయి. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, జ్ఞాపికలు, కుట్టుమిషన్ల పంపిణీ అన్నీ పడ్డాయి. పడనిది ఒకటుంది. భోజనాలకు ముందు మన ఈసీ (కార్యవర్గం) సభ్యుడొకాయన మైకు పుచ్చుకుని, కీటోతో, అంటే అన్నం లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు ఎక్కువగా తినే పద్ధతితో, తాను ఎలా సన్నబడ్డాడో చెప్పి, ముందు వరసలోని పెద్దవాళ్ళ వైపు తిరిగి, "మీరు తినే అన్నమే మీకు విషం. రేపట్నుంచి మానేయండి, మందులు వాటంతటవే పోతాయి" అన్నాడు. హాలంతా చప్పట్లు. వెనక వంటవాళ్ళు అప్పుడే అన్నం గుండిగలు దించుతున్నారు. వాళ్ళ మొహాలు నేను చూశాను.

ఆ ముందు వరసలో మా పిన్ని కూడా ఉంది.

పిన్ని రిటైరైన టీచరు, ఉండేది బ్రాడీపేటలో. షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. అమెరికా నుంచి వచ్చినవాడు సూటు వేసుకుని చెబితే ఆవిడకి వేదమే. మర్నాడు పొద్దున్నే ఇడ్లీ పాత్ర పైకెక్కించేసింది. రెండు గుడ్లు, నెయ్యి వేసిన కాఫీ. మధ్యాహ్నం బెండకాయ వేపుడు ఒట్టిదే, పైన ఇంకో గరిటె నెయ్యి. బాబాయి గొణిగితే, "నీకు తెలియదులే, కొవ్వు కరుగుతోంది" అంది. టిఫిన్‌కి ముందు వేసుకునే గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర మాత్రం ఎప్పటిలాగే వేసుకుంది. మాత్ర సంగతి ఆ మైకులో ఎవరూ ఎత్తలేదు కదా!

రెండో రోజు సాయంత్రం వరండాలో గోంగూర ఆకు తుంచుతూ తుంచుతూ ఆకులు కింద పారేసి కాడలు చాటలో వేసుకుంటోంది. "ఏంటి పిన్నీ అలా చేస్తున్నావ్" అంటే సంబంధం లేని జవాబు. చేతులు వణుకుతున్నాయి, చలికాలంలో జాకెట్టు తడిసిపోయేంత చెమట. పక్కింటి అబ్బాయి గ్లూకోమీటర్ తెచ్చి వేలు గుచ్చి చూస్తే షుగర్ 48కి పడిపోయి ఉంది. గ్లాసుడు పంచదార నీళ్ళు తాగించాక గానీ మనిషి ఈ లోకంలోకి రాలేదు. రాత్రి డాక్టరు మా అందరికీ తలంటాడు. "అన్నం మానేస్తే ఈ మాత్ర డోసు తగ్గించాలని ఒక్కరికీ తట్టలేదా?"

ఆయన కోపం న్యాయమైనదే. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు మనం తిన్నా తినకపోయినా పాంక్రియాస్ (క్లోమం) చేత ఇన్సులిన్ విడుదల చేయించి షుగర్‌ని దించుతాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. షుగర్‌కే వాడే డాపాగ్లిఫ్లోజిన్ జాతి మాత్రలది ఇంకో రకం ప్రమాదం. వాటిమీద ఉన్నవాళ్ళు కీటో మొదలుపెడితే రక్తంలో ఆమ్లాలు ప్రాణం మీదికి వచ్చేంతగా పెరగొచ్చు, ఆ సమయంలో మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువగా కూడా కనబడకపోవచ్చు. బీపీ మాత్రలు కూడా కొందరికి తగ్గించాల్సి వస్తుంది. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు, టైప్ 1 షుగర్ ఉన్నవాళ్ళు సొంతంగా దీని జోలికి పోనేకూడదు.

కీటో మీద నాకేం పగ లేదు. బెజవాడ, గుంటూరు వాళ్ళకి ఇది కొత్త కూడా కాదు. ఇలాంటి తిండి పద్ధతిని ఊరూరా ప్రచారం చేసిన వీరమాచనేని రామకృష్ణ గారి పుణ్యమా అని కొబ్బరినూనె, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, మల్టీవిటమిన్ మాత్రలు ఇంటింటి కబుర్లయిపోయాయి. తగ్గినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. అసలు ఈ పద్ధతికి 1921లో మేయో క్లినిక్ డాక్టరు రస్సెల్ వైల్డర్ పేరు పెట్టింది మూర్ఛ రోగుల కోసం. పుట్టిందే డాక్టర్ల చేతుల్లో. మనవాళ్ళు డాక్టర్ని వదిలేసి నెయ్యి మాత్రం పట్టుకున్నారు.

అన్నాన్ని వెనకేసుకొస్తున్నాననీ అనుకోవద్దు. మన భోజనం సంగతి మనకి తెలీదా? కందిపొడి, నెయ్యితో ఒక వాయి, గోంగూరతో ఒకటి, పప్పు, పులుసు, చివర పెరుగు. ప్రతి వాయికీ మళ్ళీ అన్నం. "ఇంకొంచెం" అనకపోతే వడ్డించేవాళ్ళకి కోపం. కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. కీటోలో రోజు మొత్తానికి ఇచ్చేది 20 నుంచి 50 గ్రాములు. అంటే కందిపొడి దగ్గరే లెక్క ముగిసింది. పప్పుకీ పెసరట్టుకీ కూడా చోటు లేదు. గోంగూర మాంసం, కోడిగుడ్డు, వంకాయ, బీరకాయ, తోటకూర మిగులుతాయి. ఇవేం తక్కువ కావు, కానీ ఆవకాయ నంజుకోవడానికి వేడన్నం లేని మధ్యాహ్నం ఎలా ఉంటుందో ఆ మైకాయన చెప్పలేదు.

మొదటి వారం తలనొప్పి, నీరసం, పిక్కలు పట్టేయడం కూడా చెప్పలేదు. పిండిపదార్థం తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, దాంతో కిడ్నీలు ఉప్పునీ నీళ్ళనీ బయటికి పంపేస్తాయి. మొదట్లో తగ్గే కిలోల్లో ఎక్కువ భాగం ఆ నీళ్ళే. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలు లేనివాళ్ళు ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగితే చాలావరకు తేరుకుంటారు. ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగితే నీరసం ఇంకా ముదురుతుంది. నూనె పెరిగి కూర తగ్గితే మలబద్ధకం. కొందరికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది, కాబట్టి మొదలుపెట్టే ముందూ కొన్ని నెలల తర్వాతా రక్తపరీక్ష చేయించుకోవాలి.

నన్ను ఇప్పటికీ మండించేది ఇంకోటి. ఆ రోజు పక్క షామియానాలోనే మన సంఘం ఉచిత షుగర్, బీపీ పరీక్షలు పెట్టింది. డాక్టరుగారు అక్కడే కూర్చుని ఉన్నారు. ఆయనకి మైకు ఇవ్వలేదు, చివర్లో శాలువా మాత్రం కప్పారు.

ఈసీ పెద్దలకు, ఆర్‌వీపీలకు (ప్రాంతీయ ఉపాధ్యక్షులకు) నా మనవి ఒక్కటే. కీటో గురించి మాట్లాడించాలనుంటే మాట్లాడించండి, కానీ ముందు ఆ షామియానాలో ఇంకో బల్ల వేయించండి. వచ్చిన పెద్దవాళ్ళు మందుల చీటీ చూపించి, ఏ మాత్ర ఆపాలో, ఏది తగ్గించాలో, అసలు ఈ తిండి తమకి పడుతుందో లేదో డాక్టర్ని అడిగే వీలుండాలి. మందుల చీటీ తెచ్చుకోమని ఆహ్వానపత్రంలోనే ఒక ముక్క వేయండి. వచ్చే డిసెంబర్ పత్రం ఇంకా ప్రింటుకి వెళ్ళలేదని విన్నాను.