లోపాలను లెక్కపెడితే చాలదు, తూచాలి

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ మీద వచ్చే పరిశోధనా పత్రాల్లో చాలావాటిది ఒకటే వరస: కొత్త పద్ధతి పాతదానికన్నా ఎక్కువ బగ్‌లు, అంటే ప్రోగ్రాములోని లోపాలు, పట్టింది కాబట్టి అదే మేలు. బటన్ మీది అక్షరదోషమూ ఒక బగ్గే, జీతాన్ని తప్పుగా లెక్కగట్టే కోడూ ఒక బగ్గే. రాయినీ రత్నాన్నీ ఒకే గాటన కట్టి తేల్చిన ఫలితాన్ని శాస్త్రమని నేను ఒప్పుకోలేను.

ఈ అభ్యంతరం కొత్తది కాదు. సాఫ్ట్‌వేర్ తయారీకి అయ్యే శ్రమను, ఖర్చును లెక్కగట్టే కోకోమో అంచనా పద్ధతిని 1981లో అందించిన బారీ బోహ్మ్, 2003 నాటికే విలువ ఆధారిత సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ కావాలని, అంటే ఏ భాగం ఎవరికి ఎంత విలువైనదో చూసి పని చేయాలని వాదించారు. ఆయన చూపిన బిల్లింగ్ వ్యవస్థ ఉదాహరణలో ఒక్క రకం ఖాతాదారుల నుంచే సగం ఆదాయం వస్తుంది. అన్ని రకాలకూ సమానంగా టెస్ట్ కేసులు (పరీక్షించే సందర్భాలు) పుట్టించే టూల్, కోడ్‌లో ఎంత భాగాన్ని పరీక్షించిందో చూపే కవరేజీ పట్టికలో గెలవవచ్చు గానీ, ఆ సగం ఆదాయానికి ఎంత భద్రత దక్కిందో ఆ పట్టిక చెప్పదు.

విలువ మనిషికో తీరుగా ఉంటుందని, లెక్క ఎవరు వేసినా ఒకటే వస్తుందని, పరిశోధన లెక్కకే కట్టుబడాలని కొందరంటారు. కానీ అన్ని లోపాలూ సమానమనడమూ ఒక విలువ నిర్ణయమే, కాకపోతే దాన్ని పైకి చెప్పరు. ఏ లోపానికి ఎంత బరువు ఇచ్చారో, ఎవరిని అడిగి ఇచ్చారో పత్రంలో రాస్తే, ఒప్పుకోనివారు తమ బరువులతో లెక్క తిరిగి వేసుకోవచ్చు.

అయితే ఆ బరువు ఎవరి కోణం నుంచి నిర్ణయించాలన్నదే నన్ను వదలని ప్రశ్న. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో ఒక విద్యార్థినికి తెలుగు పేపరులో సున్నా వచ్చింది. తిరిగి పరిశీలిస్తే అసలు మార్కులు 99. పేపరు దిద్దినవారు ఓఎంఆర్ పత్రంలో 99కి బదులు 00 గడులు నింపారు. సున్నా పడిన ప్రతి పేపరునూ మరొకరు చూసేదాకా ఫలితాన్ని ఆపే చిన్న నిబంధన ఉంటే అది అక్కడే దొరికిపోయేది. లక్షల నమోదుల్లో ఒక్క పొరపాటు శాతాల్లో కంటికి ఆనదు, ఆదాయం లెక్కల్లో అసలు కనిపించదు. ఆ అమ్మాయికి మాత్రం అది ఏడాది చదువు.

బ్రిటన్ పోస్టాఫీసుల ఖాతాలు చూసే హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థలో ఇదే అన్యాయం ఎన్నో రెట్లు పెద్దదిగా జరిగింది. ఖాతాల్లో కనబడిన లోటుకు సాఫ్ట్‌వేర్‌ను అనుమానించకుండా, శాఖలను నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లను దొంగలన్నారు. 900 మందికి పైగా అన్యాయంగా దోషులుగా ముద్రపడ్డారు, కొందరు జైలుకు వెళ్లారు. ఆ వ్యవస్థకు డబ్బు కట్టింది వారు కాదు, దాని తప్పులను మోసింది వారు. అందుకే లోపాలను వర్గీకరించే ప్రతి అధ్యయనంలోనూ తీవ్రత పక్కనే ఇంకో గడి ఉండాలంటాను: ఈ లోపం వల్ల నష్టపోయేది ఎవరు, తమ తప్పు కాదని నిరూపించుకోవడానికి వారి చేతిలో ఏముంది?