ప్రమాదకరమైన పోలిక

ఇరాన్ అణుకేంద్రాలపై తమ దేశం జరిపిన దాడులను హిరోషిమా, నాగసాకిలతో పోల్చడానికి అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్‌కు నోరెలా వచ్చిందో అర్థం కాదు. నాటో శిఖరాగ్ర సదస్సు కోసం ద హేగ్ వెళ్లిన ఆయన, ఆ రెండు నగరాల ఉదాహరణ చెప్పదలచుకోలేదంటూనే 2025 జూన్ 25న ఆ ఉదాహరణే చెప్పారు. నాడు ఆ యుద్ధాన్ని ముగించినదీ, నేడు ఇజ్రాయెల్-ఇరాన్ యుద్ధాన్ని ముగించినదీ సారాంశంలో ఒకటేనన్నారు. ఆ అణుకేంద్రాలున్న ఫోర్దో, నతాంజ్, ఇస్ఫహాన్‌లపై పడినవి అణుబాంబులు కావు. ఆ దాడుల తప్పొప్పులు వేరే చర్చ. రెండు నగరాలను అందులోని పౌరులతో సహా కాల్చివేసిన చర్యను ఫలితమిచ్చిన యుద్ధతంత్రంగా, అవసరమైతే మళ్లీ అనుసరించదగిన ఒరవడిగా ఒక అగ్రరాజ్యాధినేత నలుగురి ముందు నిలబెట్టడమే మమ్మల్ని కలవరపెడుతోంది. హిరోషిమా నగర సభ మరునాడే సమావేశమై, అణుబాంబు వాడకాన్ని సమర్థించే మాటలను ఖండిస్తూ తీర్మానం చేసింది. టోక్యో ప్రభుత్వం మాత్రం ఈ విషయంలో తమ వైఖరిని అమెరికాకు పదేపదే తెలియజేశామని చెప్పి చేతులు దులుపుకొంది. అమెరికా అణ్వాయుధాలే తనకు రక్షణ అనుకునే ‘అణుఛత్రం’ కింద తలదాచుకుంటూ, అణ్వాయుధ నిషేధ ఒప్పందంపై నేటికీ సంతకం చేయని ప్రభుత్వం నుంచి ఇంతకు మించి ఆశించలేం.

బాంబు వేయకుంటే జపాన్ గడ్డపై సైన్యాలు దిగవలసి వచ్చేదని, ఇరువైపులా లక్షలమంది మరణించేవారని వాదించేవారు ఉన్నారు. చైనాలో, కొరియాలో, ఆగ్నేయాసియాలో జపాన్ సైన్యం సాగించిన ఘాతుకాలను కూడా వారు గుర్తుచేస్తారు. ఆ ఘాతుకాలు కాదనలేనివి. అయితే అమెరికా ప్రభుత్వమే నియమించిన వ్యూహాత్మక బాంబుదాడుల సర్వే, అణుబాంబు పడకపోయినా, రష్యా యుద్ధంలోకి దిగకపోయినా, భూతలదాడి తలపెట్టకపోయినా 1945 డిసెంబర్ 31లోగా తప్పకుండా, బహుశా నవంబర్ 1లోగానే జపాన్ లొంగిపోయి ఉండేదని 1946లో తేల్చింది. ఐసన్‌హోవర్, అడ్మిరల్ లేహీ వంటి అమెరికా సేనానులు ఆ బాంబు అవసరం లేకపోయిందని తమ జ్ఞాపకాల్లో రాసుకున్నారు. ఆగస్టు 9న సోవియట్ సేనలు మంచూరియాలోకి చొచ్చుకురావడం టోక్యోను ఎంత కుంగదీసిందో చరిత్రకారులు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. బాంబే యుద్ధాన్ని ముగించిందన్న మాట తిరుగులేని సత్యమేమీ కాదు.

మాట వరసకు అది సత్యమే అనుకుందాం. అప్పుడు ప్రమాదం ఇంకా పెద్దది. యుద్ధం త్వరగా ముగుస్తుందంటే నగరాన్ని బూడిద చేయవచ్చునన్న సూత్రం ఒక దేశానికి చెల్లితే అన్ని దేశాలకూ చెల్లుతుంది. యుద్ధం త్వరగా ముగియాలని కోరుకోని సేనాని ఏ దేశంలోనైనా ఉంటాడా?

1945 ఆగస్టు 6 ఉదయం 8.15కు హిరోషిమాలో ఏం జరిగిందో పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. కానీ దాన్ని ఒక ‘దెబ్బ’గా, ఒక ‘ముగింపు’గా కుదించి మాట్లాడుతున్నప్పుడు కొన్ని సంగతులు మళ్లీ చెప్పక తప్పదు. గురి పెట్టింది ఆయుధ కర్మాగారానికి కాదు, ఊరి నడిబొడ్డున ఉన్న అయోయి వంతెనకు. వైమానిక దాడుల్లో మంటలు వ్యాపించకుండా ఇళ్లు కూల్చి ఖాళీ చేసే పనికి తరలించిన బడిపిల్లలు వేల సంఖ్యలో ఆ ఉదయం వీధుల్లోనే ఉన్నారు. నగరంలోని వైద్యులు, నర్సుల్లో అత్యధికులు చనిపోవడమో గాయపడటమో జరిగింది గనుక బతికి బయటపడినవారికి కట్టు కట్టే దిక్కు కూడా లేకపోయింది. ఆ ఏడాది చివరికి మృతుల సంఖ్య సుమారు 1,40,000కు చేరింది. వలస పాలనలో జపాన్‌కు వచ్చి పడిన కొరియన్లు కూడా వారిలో ఉన్నారు. ఇంతటి ఊరిని నాటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తన రేడియో ప్రసంగంలో సైనిక స్థావరమన్నారు. మూడు రోజులకు రెండో బాంబుతో బయల్దేరిన విమానం అసలు లక్ష్యం కోకురా. అక్కడ పొగా మబ్బూ కమ్మి గురి కుదరకపోవడంతో అది నాగసాకి వైపు మళ్లింది. ఏడాది తిరిగేలోగా అక్కడ 70 వేలమందికి పైగా మరణించారు. వాతావరణాన్ని బట్టి ఏ ఊరి జనం చావాలో తేలిపోయిన ఆ ఉదయాన్ని యుద్ధనీతి ఏ కొలమానంతో సమర్థిస్తుంది? రేడియోధార్మికత సంగతి చెప్పనే లేదు. గాయం ఒక్కటీ లేనివారు వారాల తర్వాత జుట్టు రాలి, రక్తం కక్కి పోయారు. ఏళ్ల తర్వాత రక్తకేన్సర్లు బయటపడ్డాయి. ఆక్రమణ సేనల సెన్సార్ ఇవేవీ జపాన్ పత్రికల్లో రానివ్వలేదు. పత్రికగా ఈ సంగతి మాకు మరింత బాధ కలిగిస్తుంది.

ఒరవడి గురించి మా భయం ఊహాజనితమైనది కాదు. ఉక్రెయిన్ ప్రాంతాలను తమలో కలుపుకొంటున్నట్లు 2022 సెప్టెంబర్ 30న ప్రకటించిన సభలోనే, అణ్వాయుధాన్ని రెండుసార్లు వాడి అమెరికా ఒక పూర్వోదాహరణ నెలకొల్పిందని పుతిన్ అన్నారు. 2023 నవంబర్‌లో ఇజ్రాయెల్ మంత్రి అమిహాయ్ ఎలియాహు గాజాపై అణుబాంబు వేయడం కూడా ఒక మార్గమేనన్నట్లు మాట్లాడి, మంత్రివర్గ సమావేశాలకు దూరమయ్యారు. 2024 మే నెలలో అమెరికా సెనేటర్ లిండ్సే గ్రాహం, హిరోషిమా, నాగసాకిలపై బాంబులు వేయడం సరైన నిర్ణయమని, ఇజ్రాయెల్‌కు కావలసిన బాంబులు ఇవ్వాలని టీవీలో వాదించారు. ఇప్పుడు సాక్షాత్తూ అమెరికా అధ్యక్షుడే అన్నారు. ఒకరు అన్న మాట మరొకరికి ఆధారమవుతూ, ఎనభై ఏళ్లుగా ఎవరూ దాటని గీత ఇలా మాటల్లో ముందుగా చెరిగిపోతోంది.

చట్టం ఆ గీతను కాపాడుతుందన్న భరోసా కూడా లేదు. అణ్వాయుధ ప్రయోగం సాధారణంగా యుద్ధ చట్టాలకు విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 1996లో చెప్పింది. దేశ మనుగడే ప్రశ్నార్థకమైన ఆత్మరక్షణ పరిస్థితిలో మాత్రం ఏదీ తేల్చలేమంది. న్యాయమూర్తులు ఏడుగురు ఇటు, ఏడుగురు అటు చీలిపోగా, ఆ వాక్యం న్యాయస్థాన అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో నిలిచింది. యుద్ధంలో ఉన్న ప్రతి ప్రభుత్వమూ తన మనుగడకే ముప్పు వచ్చిందంటుంది. న్యాయస్థానం వదిలిన ఆ సందులోకి హిరోషిమా ‘విజయ’ గాథను చొప్పిస్తే తలుపు బార్లా తెరుచుకున్నట్లే.

ప్రపంచంలో 2025 జనవరి నాటికి 12 వేలకు పైగా అణ్వాయుధాలున్నాయని స్టాక్‌హోం శాంతి పరిశోధన సంస్థ లెక్కగట్టింది. వాటిలో దాదాపు 2,100 ఎప్పుడంటే అప్పుడు ప్రయోగించడానికి క్షిపణులపై సిద్ధంగా ఉన్నాయంది. భారత్, పాకిస్థాన్ మధ్య అణుయుద్ధం వస్తే, నగరాల మంటల మసి ఆకాశాన్ని కప్పి పంటలు దెబ్బతినడం వల్ల ప్రపంచవ్యాప్తంగా 200 కోట్ల మందికి పైగా ఆకలితో చనిపోవచ్చునని 2022లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం అంచనా వేసింది. ఆ యుద్ధంతో ఏ సంబంధమూ లేని రైతులు, పిల్లలు వారిలో ఎందరో ఉంటారు.

కనుక ఇది వాషింగ్టన్‌ను నిందించి ఊరుకునే సంగతి కాదు. అణుబాంబు మానవుడి ఉదాత్త భావాలను మొద్దుబార్చిందని 1946లో ‘హరిజన్’లో రాసిన గాంధీ మన దేశంవారు. జపాన్ నేతలపై సాగిన టోక్యో యుద్ధనేరాల విచారణలో భిన్న తీర్పు రాసి, అణుబాంబు నిర్ణయాన్ని నాజీ నాయకుల ఆదేశాలతో పోల్చిన న్యాయమూర్తి రాధావినోద్ పాల్ మన దేశంవారు. ముందుగా ప్రయోగించబోమన్న విధానాన్ని, రసాయన, జీవాయుధ దాడులకు మినహాయింపు పెట్టుకున్నప్పటికీ, 2003లో అధికారికంగా ప్రకటించుకున్న దేశం మనది. అదే దేశపు రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ 2019 ఆగస్టులో పోఖ్రాన్‌లో నిలబడి, భవిష్యత్తులో ఏం జరుగుతుందనేది పరిస్థితులపై ఆధారపడి ఉంటుందన్నారు. 2025 మే నెలలో పాకిస్థాన్‌తో ఘర్షణ సాగిన రోజుల్లో, ఒక్క బాంబు వేసి పీడ వదిలించుకోవాలని సామాజిక మాధ్యమాల్లో గొంతు చించుకున్నవారికి ధైర్యం ఇలాంటి మాటల నుంచే వస్తుంది. ఆగస్టు రాగానే హిరోషిమా మృతులకు నిలబడి మౌనం పాటించే పార్లమెంటులో రాజ్‌నాథ్ వాక్యాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఆగస్టు 6 నాటికి సాధారణంగా వర్షాకాల సమావేశాలు నడుస్తుంటాయి. ఆ రోజు ప్రధాని సభలో లేచి, ముందుగా ప్రయోగించబోమన్న మాటకు ‘పరిస్థితుల’ తోక లేదని స్పష్టంగా ప్రకటించాలి. ఆ మాట అనలేకపోతే, ఆ మౌనం పాటించే నటన కూడా మానుకోవాలి.