శాసనానికి రెండు కోట్లు

రెండు కోట్లనగానే నిధులొచ్చాయని సంబరపడొద్దు. ఇది ఎనామెల్ పెయింటు సంగతి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో గుడి ముందరి శాసనం బండను ఊరి చరిత్రకారుడి బారి నుంచి కాపాడుకోవాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదు.

ఆయన్ని గుర్తుపట్టడం తేలిక. పొద్దున్నే వస్తాడు, లేకుంటే పొద్దుగూకే ముందు. ఎండ ఏటవాలుగా పడితేనే అక్షరం నీడ తేలుతుందట. సంచిలో కాగితం చుట్ట, మెత్తటి బ్రష్షు, నల్ల సిరా, గుడ్డ చుట్టిన దిండు. వైరు బ్రష్షు, యాసిడ్ ఉండవు. అవి మన మేస్త్రి దగ్గరుంటాయి. బండ కడిగి, తడి కాగితం పరిచి, బుడగల్లేకుండా బ్రష్షుతో కొడతాడు, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగేదాకా. కాస్త ఆరాక సిరా దిండుతో పైపైన అద్దుతాడు. కాగితమంతా నలుపు, అక్షరం తెలుపు. అదే శాసనం నకలు. తొందరపడితే సిరా పాకి అక్షరం మునుగుతుంది. మన మే నెల ఎండలో ఆలస్యం చేస్తే కాగితం ఎండి గాలికి లేచిపోతుంది.

కొన్ని కమిటీలు ఏటా జాతరకు సున్నం కొట్టి ఊరుకుంటాయి. చాలదు. నానబెట్టి వెదురుపుల్లతో గీకితే పొరలుగా లేచొస్తుంది, అడుగున అక్షరం భద్రం. ఎనామెల్ గుంటలో నిండి గడ్డకడుతుంది. రెండో కోటుతో బండ నున్నన. పైన బొట్లు పెట్టి పోతరాజన్నామా, ఇక కాగితం పరిచే ధైర్యం ఎవరికుంటుంది?

శ్రీశైలం జలాశయంలో మునుగుతుందని కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయికి రాయి అంకె వేసి విప్పి, అలంపురంలో మళ్లీ కట్టారు. రాళ్లకు రంగు పూయడం అక్కడే నేర్చామని చెప్పుకోవచ్చు.

ఇంతకీ చదివితే నష్టమేమిటి? పైన సూర్యచంద్రులు, తర్వాత శకవర్షం. దానికి 78 కలుపుతాడు. శక 1130 అంటే క్రీ.శ. 1208. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో ఒక శాసనం ఆ ఏటిదే. పక్కన సంవత్సరం పేరు విభవ అని ఉండాలి, లేకుంటే అంకె తప్పు చదివానని మళ్లీ మొదలు. పోనీ, కాకతీయుల నాటి ముచ్చట, ఎవరికడ్డం? చిక్కంతా నడుమ పంక్తుల్లో. చెరువు వెనక ఎన్ని మర్తురుల (అప్పటి నేల కొలత) నీరునేల గుడికిచ్చారో రాసి ఉంటుంది, ఒక్కోచోట హద్దులతో సహా. ఆ హద్దుల్లో ఇప్పుడు వెంచరు రాళ్లున్నాయి.

అడుగున శాపం. ఇచ్చిన భూమిని హరించినవాడు 60,000 ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. దీనికి ఎనామెల్ ఆగదు. బండ చుట్టూ గద్దె కట్టించి, రెండడుగుల ఎత్తున కాంక్రీటు పోయించి, టైల్సు వేయించాలి. గద్దె మీద దాతల పేర్లు చెక్కించడం మరవొద్దు. లోతుగా, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా కనిపించేలా.