డెప్యుటేషన్ మీదే సర్వీసు ముగించిన ఓడగారికి

మహారాజశ్రీ యూఎస్ఎస్ నార్టన్ సౌండ్ గారికి,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడుగుదామంటే మిమ్మల్ని 1988లోనే తుక్కు కింద అమ్మేశారు కాబట్టి ఆ లాంఛనం వదిలేస్తున్నాను. ఉత్తరం ఆలస్యమైందని ఏమీ అనుకోకండి, గవర్నమెంటు ఉద్యోగికి అరియర్స్ కూడా ఒక్కోసారి మనిషి పోయాకే శాంక్షనవుతాయి.

మీ సర్వీసు చరిత్ర మొత్తం చదివాను. చదివాక నాకు తెలిసిందేంటంటే, అమెరికా నేవీలో మీరొక డెప్యుటేషన్ కేసు. చేర్చుకున్నది ఒక పోస్టులో, చేయించుకున్నది ఆ పోస్టులో తప్ప మిగతా అన్నింట్లో.

ఆర్డరు ప్రకారం మీరు సీప్లేన్ టెండరు. శాన్ పెడ్రోలో 1942 సెప్టెంబర్‌లో పని మొదలుపెట్టి, మరుసటి ఏడాది నవంబర్‌లో నీళ్ళలోకి దింపి, 1945 జనవరి 8న డ్యూటీలో చేర్చుకున్నారు. నీళ్ళ మీద దిగే విమానాలకి రన్‌వే అక్కర్లేదు గానీ ఆయిల్ కావాలి, మెకానిక్ కావాలి, పైలట్లకి తిండీ పడకా కావాలి. ఇవన్నీ మోసుకుంటూ వాళ్ళెక్కడుంటే అక్కడికి వెళ్ళడమే మీ ఉద్యోగం. 540 అడుగుల పొడవు, వెనకంతా ఖాళీ డెక్కు, విమానాన్ని అమాంతం నీళ్ళలోంచి పైకి లేపే క్రేన్లు, లోపల వర్క్‌షాపులు. ఒకినావా యుద్ధం జరుగుతున్నప్పుడు కెరామా రెట్టో దీవుల దగ్గర, నెత్తిమీద ఆత్మాహుతి విమానాలు తిరుగుతుండగా, మీరు ఆ పని నిజంగానే చేశారు. చేసింది కొన్ని నెలలే. తర్వాత యుద్ధం అయిపోయింది, సీప్లేన్ల వైభవం కూడా మెల్లగా దిగజారడం మొదలైంది, ఎవరో పెద్దమనిషి కన్ను ఆ ఖాళీ డెక్కు మీద పడింది. అంతే.

ఫిలడెల్ఫియా యార్డులో 1947-48లో మార్పులు చేసి మీకు ముందుగా అప్పజెప్పింది లూన్ అనే క్షిపణిని. లండన్ మీద జర్మన్లు వేసిన వీ-1 ఉంది చూశారా, దాని శకలాలు ఏరుకొచ్చి చూసి తయారుచేసిన నకలు అది. శత్రువు బాంబు అని తిట్టిన నోటితోనే దాన్ని మన బాంబు అనడానికి యుద్ధం పూర్తిగా అయిపోవాల్సిన అవసరం కూడా లేకపోయింది. ఇదే రోజుల్లో న్యూ మెక్సికో ఎడారిలో మీ నేవీ వాళ్ళే ఒక ఓడ డెక్కు నమూనా కట్టి, ఇంధనం నింపిన వీ-2 అనే జర్మన్ రాకెట్‌ని కావాలని దాని మీద పడగొట్టారు. ఎందుకయ్యా అంటే, పడితే ఏమవుతుందో చూద్దామని. ఏమయిందంటే పేలింది. రిపోర్టు రాసుకున్నారు. ఆ రిపోర్టు సిరా ఆరిందో లేదో గానీ 1950 మే 11న, పసిఫిక్‌లో భూమధ్యరేఖ దగ్గర, ఆల్కహాలూ ద్రవ ఆక్సిజనూ నింపిన వైకింగ్ రాకెట్‌ని మీ డెక్కు మీద నిలబెట్టారు. అదృష్టం బాగుండి అది పడలేదు, పైకెళ్ళింది, సుమారు 169 కిలోమీటర్లు. ఊగే నీళ్ళ మీద నుంచి అంత ఎత్తుకి ఒక రాకెట్‌ని పంపడం చిన్న విషయం కాదు, ఇక్కడ మాత్రం వ్యంగ్యం ఆపి చప్పట్లు కొడుతున్నాను.

నిజానికి మీ సర్వీసులో నాకు నచ్చిన కాలం ఇదే. 1949లో పెరూ తీరం దగ్గర మీరు ఏరోబీ రాకెట్లు వదులుతుంటే కాస్మిక్ కిరణాలు కొలవడానికి వచ్చిన శాస్త్రవేత్త జేమ్స్ వాన్ అలెన్. భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ వలయాలకి తర్వాత ఆయన పేరే పెట్టారు. స్కైహుక్ అనే పరిశోధన బెలూన్లు కూడా మీ మీద నుంచే ఎగరేశారు. తుపాకులున్న ఓడ బెలూన్లు ఎగరేస్తుంటే చూడముచ్చటగా ఉండుంటుంది. కానీ ఇలాంటి పని చేసేవాళ్ళని ఎక్కువకాలం ఆ సీట్లో ఉండనిస్తారా? 1951 ఆగస్టులో మీ హోదా మార్చి ఏవీఎం-1, అంటే క్షిపణి ఓడ, అన్నారు. డెప్యుటేషన్ పొడిగించీ పొడిగించీ చివరికి పోస్టే సృష్టించారన్నమాట. ఆ క్యాడర్‌లో ఒకటో నంబరు మీరు, రెండో నంబరు ఎప్పటికీ రాలేదు. అంటే సీనియారిటీ లిస్టులో మొదటా మీరే చివరా మీరే, ప్రమోషన్ అడగడానికి పైన ఖాళీ లేదు, వదిలిపెట్టి వెళ్దామంటే కింద రిలీవరూ లేడు.

ఇంక 1958కి వద్దాం. వాన్ అలెన్ వలయాల సంగతి బయటపడింది ఆ ఏడాదే. సృష్టిలో ఒక కొత్త విషయం కనపడగానే మామూలు మనుషులు ఆశ్చర్యపోతారు, పెద్ద దేశాలు అందులో బాంబు వేస్తే ఎలా ఉంటుందని ఆలోచిస్తాయి. నికోలస్ క్రిస్టోఫిలోస్ అని, ఒకప్పుడు ఏథెన్స్‌లో లిఫ్టుల కంపెనీలో పనిచేసిన ఇంజనీరు (ఫిజిక్స్ సొంతంగా చదువుకున్న మేధావి, ఆయన బుర్ర మీద నాకెంతో గౌరవం), ఒక లెక్క చెప్పాడు. వాతావరణం దాటాక అణుబాంబు పేలిస్తే అందులోంచి వచ్చే ఎలక్ట్రాన్లు భూమి అయస్కాంత క్షేత్రంలో చిక్కుకుని గొడుగులా కమ్ముకుంటాయి, వచ్చే శత్రు క్షిపణులు ఆ గొడుగులో పాడైపోవచ్చు అని. వినడానికి బాగుంది. అయితే గొడుగు భూగోళం మొత్తానికీ పడుతుంది కదా, కింద ఉన్న మిగతా దేశాల వాళ్ళని ఓ మాట అడుగుదామా అని ఎవరికీ తట్టలేదు. తట్టినా అడగరు, అది రహస్యం.

ఆగస్టు 1న మీరు కాలిఫోర్నియాలోని పోర్ట్ వైనీమీ నుంచి బయల్దేరారు, ఎక్కడికో ఎందుకో ఊళ్ళో వాళ్ళకి చెప్పకుండా. దక్షిణ అమెరికా కొన చుట్టి దక్షిణ అట్లాంటిక్‌కి చేరుకునే దారిలో మీరుండగానే, ఆగస్టు 22న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ గారు ప్రపంచానికి ఒక శుభవార్త చెప్పారు. అణు పరీక్షలు అక్టోబర్ 31 నుంచి ఆపేస్తాం, రష్యా వాళ్ళు కూడా ఆపితే. ఆయన మాట అలా గాల్లో ఉండగానే ఆగస్టు 27న మీ డెక్కు మీద నుంచి ఎక్స్-17ఏ రాకెట్ మీద ఒక అణుబాంబు లేచింది. 30న ఇంకోటి. సెప్టెంబర్ 6న మూడోది. ఒక్కోటీ కిలోటన్ను పైచిలుకు, హిరోషిమా బాంబుతో పోలిస్తే చిన్నవే, పేలింది వందల కిలోమీటర్ల ఎత్తున. కేప్‌టౌన్‌కి నైరుతిగా, మనుషులు మసలని సముద్రం మీద. మార్చి నెలాఖరులో మిగిలిపోయిన బడ్జెట్‌ని గబగబా ఖర్చుపెట్టే డిపార్టుమెంటు గుర్తొచ్చింది నాకు.

దీని పేరు ఆపరేషన్ ఆర్గస్. తొమ్మిది ఓడలు, నాలుగున్నర వేల మంది మనుషులు, అయినా నెలల తరబడి ఎవరూ నోరు విప్పలేదు. 1959 మార్చి 19న న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తేలిందేమిటంటే, క్రిస్టోఫిలోస్ చెప్పినట్టే ఎలక్ట్రాన్లు చిక్కుకున్నాయి గానీ గొడుగు మరీ పల్చన, అదీ వారాల్లోనే చెరిగిపోయింది. అంటే క్షిపణులు ఆగవు. లెక్క నిజమైంది, ఉపయోగం లేదు. ఇది తెలుసుకోవడానికి అంతరిక్షంలో మూడు అణుబాంబులు పేల్చి వచ్చారు, మీ మీద ఎంక్వయిరీ లేదు, మెమో లేదు. గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను ఇక్కడికి.

టైఫాన్ ముచ్చట త్వరగా ముగిస్తాను, ఎందుకంటే వాళ్ళే త్వరగా ముగించారు. 1962లో మిమ్మల్ని ఇంటికి పంపి, బాల్టిమోర్‌లో ఒళ్ళంతా కోసి, ఎస్‌పీజీ-59 అనే బ్రహ్మాండమైన రాడార్ నెత్తిన పెట్టారు. టైఫాన్ అనే మహా క్షిపణి వ్యవస్థకి అది కన్ను. 1964 జూన్ 20న మళ్ళీ డ్యూటీలో చేరారు, కానీ అప్పటికే టైఫాన్ రద్దైపోయింది. క్షిపణి లేదు, దాని రాడార్ మాత్రం మీ నెత్తి మీద ఉంది. రద్దైన పథకానికి స్పెషల్ ఆఫీసర్‌గా వేశారన్నమాట. మీరు దాన్నీ సిన్సియర్‌గా తిప్పి చూపించారు, 1966లో అదీ పీకేశారు.

పీకేసిన చోటే 1974లో లాంగ్ బీచ్ యార్డులో ఏజిస్ పెట్టారు. తిరగని రాడార్ అది, నాలుగు పక్కలా గోడకి అతికించే పలకలు, ఒకేసారి బోలెడన్ని టార్గెట్లని చూస్తుంది. మీకు మాత్రం ఒక్క పలకే పెట్టారు, ప్రోటోటైపు కదా. అంటే మీకు లోకం ఒక పక్కే కనిపించాలి, మిగతా పక్కల నుంచి వచ్చేది మీ ఖర్మ. ఆ ఒంటికన్నుతోనే మీరు క్షిపణులు వదిలారు, టార్గెట్లని కొట్టారు, తప్పులుంటే తప్పులు బయటపడేలా చేశారు. ఇవాళ జపాన్, దక్షిణ కొరియా, స్పెయిన్, నార్వే ఓడల మీద కూడా ఏజిస్ ఉంది. వాటిలో ఏ ఓడ ప్రారంభోత్సవంలోనైనా మీ ఫొటో పెట్టి దండ వేస్తారా? 1983 జనవరిలో టికాండెరోగా అనే క్రూయిజర్ యుద్ధనౌక ఏజిస్‌తో వచ్చేసరికి పేపర్లన్నీ దాని గురించే.

ఇప్పుడు 1980. అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం ఈ పేజీ.

1978లో ఒక కోర్టు తీర్పు తర్వాత అమెరికాలో ఆడవాళ్ళని ఓడల మీదికి రానిచ్చారు, యుద్ధం చేయని ఓడల మీదికి మాత్రమే. మీరు క్షిపణులు పరీక్షిస్తారే గానీ యుద్ధం చేయరు కదా, కాబట్టి సేఫ్ పోస్టింగ్. అలా 61 మంది వచ్చారు. పక్కనే రాకెట్ మండే డెక్కు మీద పని చేయడానికి ఆడపిల్లలకి ఇబ్బంది లేదు, పై అధికారులకీ ఇబ్బంది లేదు. ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, వాళ్ళలో కొందరు ఆడవాళ్ళు ఆడవాళ్ళనే ఇష్టపడుతున్నారట. అయ్యో! నేవీ ఇన్వెస్టిగేటర్లు దిగారు. ఎవరు ఎవరి చెయ్యి పట్టుకున్నారు, ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారు, పిలిచి ఒక్కొక్కరినీ ప్రశ్నలు. ఎనిమిది మంది మీద కేసు నడిచింది, దేశమంతా టీవీల్లో చూసింది, హక్కుల సంఘాల లాయర్లు వచ్చారు. నలుగురి మీద ఆరోపణలు వదిలేశారు, ఇద్దరు నిర్దోషులన్నారు, ఇద్దరిని మాత్రం ‘దోషులు’ అని తేల్చారు.

ఓడగారూ, మీ డెక్కు మీద జర్మన్ బాంబు నకలు పెట్టారు, ఎవరికీ టెన్షన్ రాలేదు. ద్రవ ఆక్సిజన్ నింపిన రాకెట్ పెట్టారు, రాలేదు. అణుబాంబులు పెట్టి, ఓడ మీదున్న వాళ్ళ ఇళ్ళల్లో కూడా తెలియనివ్వకుండా ఆకాశంలో పేల్చారు, అప్పుడూ రాలేదు. నలభై ఏళ్ళకి దగ్గరైన సర్వీసులో మొత్తం నావికాదళానికి గుండె జారిన ప్రమాదం ఏదీ అంటే, ఇద్దరమ్మాయిల మధ్య స్నేహం. ఆర్గస్ సంగతి దాచడానికి వాడిన సీరియస్‌నెస్‌లో సగం ఇక్కడ వాడి, ఆ అమ్మాయిల సంగతి వాళ్ళకి వదిలేసి ఉంటే ఎవరి సొమ్ము పోయేదో నాకైతే అర్థం కాలేదు. మీరేమో ఇనుము, మాట్లాడలేరు. మాట్లాడగలిగిన వాళ్ళు ఎన్‌క్వయిరీలో కూర్చుని ఫైలు మూసేశారు.

ఆ గొడవ అయ్యాక కూడా మీకు ఖాళీ ఇవ్వలేదు. 1980ల మొదట్లో డెక్కులో గుంటలు చేసి నిలువు గొట్టాల లాంచరు పెట్టారు. క్షిపణిని పట్టాల మీదికి తెచ్చి తిప్పి గురిచూసే బాధ లేకుండా నేరుగా డెక్కులోంచి పైకి వదలడం. అది పాసైంది. దానితో వచ్చిన మొదటి క్రూయిజర్ బంకర్ హిల్‌ని 1986 సెప్టెంబర్ 20న బాజాభజంత్రీలతో సర్వీసులో చేర్చుకున్నారు, అదే ఏడాది డిసెంబర్ 11న మిమ్మల్ని పోర్ట్ వైనీమీలో ఇంటికి పంపేశారు. మూడు నెలలు కూడా కాలేదు!

మా విశాఖలో అయితే కురుసుర జలాంతర్గామిని 2002లో బీచ్ ఒడ్డున నిలబెట్టి టికెట్టు పెట్టాం, పిల్లలు పెరిస్కోపు చూసి మురిసిపోతారు. అలాగని మేమేదో ఉద్ధరించామని కాదు. బ్రహ్మోస్‌ని మొదట మోసిన ఐఎన్ఎస్ రాజ్‌పుత్ 2021 మే 21న ఇక్కడి డాక్‌యార్డులోనే సెలవు తీసుకుంటే, కరోనా రోజులు, పెద్దగా ఎవరూ పోగవ్వలేదు. అయితే అది చివరిదాకా డిస్ట్రాయర్‌గానే ఉంది, మీలా మాతృశాఖ మరిచిపోయేంత దూరం పోలేదు.

ఒక్క విషయం మాత్రం మీ చెవిన వెయ్యాలి. మీ కష్టంతో పేరు తెచ్చుకున్న టికాండెరోగాకి పెట్టింది పాతరకం లాంచరు, మార్క్ 26, అదీ ఒకప్పుడు మీ మీద పరీక్షించినదే. నిలువు గొట్టాలు దానికి అందలేదు, తర్వాత వచ్చినవాటికే పెట్టారు. తీసి కొత్తది పెట్టించడం ఖర్చుతో కూడిన పని అనుకుని 2004లోనే, ఇరవై రెండేళ్ళు కూడా నిండకుండా, దాన్ని పక్కన పెట్టేశారు. మీరు సీప్లేన్ టెండరుగా చేరి, దాదాపు దానికి రెట్టింపు కాలం పరీక్షలు రాస్తూనే బతికారు. ఆ లెక్కన పెన్షన్ బెనిఫిట్స్‌కి ఎవరు అర్హులో వాళ్ళ అకౌంట్స్ సెక్షన్ వాళ్ళనే అడుగుదామని ఉంది, కానీ వాళ్ళు ముందు మాతృశాఖ నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తెమ్మంటారు, ఆ సీప్లేన్ల శాఖని వాళ్ళు 1960ల్లోనే ఎత్తేశారు.

ఇట్లు,
మీ ఫైలు మొత్తం చదివిన ఒక విశాఖవాసి