తేలిక పని శాస్త్రం

ఆడవాళ్ల నడుము గురించి వైద్య కళాశాలలు ఇంకా కనిపెట్టని ఒక సత్యాన్ని మన మేస్త్రీలు ఏనాడో కనిపెట్టారు. అది వంగడానికే తయారైంది కనుక, వంగినందుకు వేరే కూలి అక్కర్లేదు. డెల్టాలో వరినాట్ల దగ్గర తరతరాలుగా రుజువైన ఈ సిద్ధాంతం, ఏలూరు దాటి పెదవేగి వైపు మెట్ట ఎక్కగానే పామాయిల్ తోటల్లో సంపూర్ణత సాధించింది. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉండనే ఉంది. చెట్టు సంగతి శాస్త్రవేత్తలు చూసుకుంటుంటే, మనుషుల సంగతి మేస్త్రీలు చూసుకుంటున్నారు.

లేత తోటలో ఉలితో, ఎదిగిన తోటలో పొడవాటి గెడకు బిగించిన కొడవలితో గెల దింపేవాడు కోతగాడు. అతనిది నైపుణ్యం, కాదనను. ఆ గెల నేలను తాకి చెదిరిపోయాక, ముళ్ల మట్టల సందుల్లో చెయ్యి పెట్టి, ఎండుటాకుల కింద పాము లేదని కర్రతో తట్టి చూసుకుని, పండ్లను ఒక్కొక్కటే ఏరి, మట్టీ గులకరాళ్లూ తీసేసి, బస్తాకెత్తి ట్రాక్టరు దాకా మోసే మనిషిది మాత్రం తేలిక పని. ఇరవై కిలోల గెల సైతం ఆడమనిషి నెత్తి మీదికి చేరగానే బరువు కోల్పోతుందని భౌతిక శాస్త్రజ్ఞులు గమనించగలరు.

ఇందులో చిన్న చిక్కు ఒకటి ఉంది. పండ్లు వాటంతటవే రాలడం మొదలైతేనే గెల పక్వానికి వచ్చినట్టు లెక్క. కాబట్టి రాలిన పండు బాగా ముగ్గినది. గెలతో పాటు తూగే కాడ దానికి ఉండదు, నూనె శాతమూ ఎక్కువ. పైగా కోసిన 24 గంటల్లో మిల్లులో ఆవిరికి పెట్టకపోతే ఆమ్లం పెరిగి నూనె నాణ్యత పడిపోతుంది కనుక, ఏరే చేతులు ఆలస్యం చేయకూడదు. తోట మొత్తంలో నూనె ఎక్కువున్న సరుకును తక్కువ కూలి వచ్చే చేతులకు అప్పగించడాన్ని మించిన నమ్మకం ఇంకేముంటుంది?

సమాన వేతనం కోసం 1976లోనే చట్టం వచ్చిందని కొందరు గుర్తుచేస్తారు. మేం దాన్ని అక్షరాలా పాటిస్తున్నాం. చట్టం అడిగింది ఒకే రకం పనికి ఒకే వేతనం. మగవాళ్లు చేసే పని ఆడవాళ్లకు ఇవ్వకుండా మేం ఎంత జాగ్రత్తపడుతున్నామో చూడండి.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. అక్కడి నైజీరియాలో ఇగ్బో జాతివాళ్ల పల్లెల్లో పండ్లు ఉడికించి, దంచి, నూనె తీసేది ఆడవాళ్లే. నూనె భర్తదైతే లోపలి పప్పు భార్యదని వారి కట్టుబాటు. 1929లో పామాయిల్ ధరలు పడిపోతున్న వేళ, స్త్రీల మీద కూడా పన్ను వేస్తారన్న వార్త పాకడంతో వేలాది మంది ఆడవాళ్లు ఆంగ్ల ప్రభుత్వం మీద తిరగబడ్డారు. మనం ముందుచూపు గలవాళ్లం. విత్తనం తెచ్చుకుని, పప్పు గురించిన కట్టుబాటును అక్కడే వదిలేశాం.

2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆయిల్‌పామ్ మిషన్‌ను 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించినప్పుడు, అంతర్జాతీయ మార్కెట్ ఎటు ఊగినా గెలల ధర విషయంలో రైతుకు భరోసా ఇచ్చింది. రైతుకు అది కావలసిందే. ఏరేవాళ్లకు అలాంటి భరోసా ఏదని అడిగే అమాయకులకు నా సమాధానం ఒక్కటే. ఊగిసలాడే ధరకు కదా భరోసా! ఆడకూలి కదలక మెదలక స్థిరంగా ఉంటే దానికి భరోసా దేనికి?

మలేషియాలో రాలిన పండ్లను ఏరే యంత్రాలు తయారుచేశారు. అవి మన తోటలకూ రావాలని మనసారా కోరుకుంటున్నాను. వచ్చిన రోజు ఏరడం నైపుణ్యం గల పనిగా మారుతుంది, దానికి ఆపరేటర్ అనే మగమనిషి కావలసివస్తాడు, అతని కూలి కోతగాడి కూలిని దాటినా దాటుతుంది. ఆడవాళ్లకు ఉపాధి పోతుందన్న బెంగ అక్కర్లేదు. యంత్రం వదిలేసిన పండ్లను వెనకాలే నడుస్తూ ఏరడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా, అదైతే మరీ తేలిక పని.