సవరణ: స్టార్‌బర్స్ట్ పుట్టింది అమెరికాలో కాదు

స్టార్‌బర్స్ట్ అమెరికా మిఠాయి అనీ, 1998లో బ్రిటన్‌కు వచ్చిందనీ పోయిన వారం రాశాను. అది తప్పు. క్షమించండి.

నమిలే ఈ పండ్ల రుచుల చాక్లెట్టును మార్స్ కంపెనీ 1960లో బ్రిటన్‌లోనే తెచ్చింది. అప్పటి పేరు ఓపల్ ఫ్రూట్స్. మొదట నాలుగే రుచులు: స్ట్రాబెర్రీ, నిమ్మ, నారింజ, లైమ్. అమెరికాకు వెళ్లింది ఆ తర్వాతే, స్టార్‌బర్స్ట్ అన్న పేరు స్థిరపడిందీ అక్కడే. 1998లో బ్రిటన్‌కు వచ్చింది ఆ పేరు మాత్రమే; మిఠాయి అప్పటికే దాదాపు 40 ఏళ్లుగా అక్కడి పిల్లల జేబుల్లో ఉంది. అన్ని దేశాల్లో ఒకే పేరుతో అమ్మాలని కంపెనీ అలా మార్చింది. బ్రిటన్‌లో మారథాన్ అనే తన చాక్లెట్ బార్ పేరును 1990లో స్నికర్స్‌గా మార్చిందీ ఇందుకే. పాత పేరంటే అక్కడివాళ్లకు ఎంత ఇష్టమంటే, 2008లో కొంతకాలం ఓపల్ ఫ్రూట్స్ పేరుతోనే మళ్లీ అమ్మారు. వాళ్ల చిన్ననాటి పేరును నేను లెక్కలోకే తీసుకోకపోవడం నాకు బాధగా ఉంది.

ఇంకొకటి. 'ఎక్కడ కొన్నా ఒకటే' అన్న నా మాట కూడా సరికాదు. అమెరికాలో అమ్మేదాంట్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది. శాకాహారులు కవరు మీద చూసుకుని కొనండి.